పాత టైల్స్‌కు రంగు వేయాలా, స్టిక్కర్ అంటించాలా, కొత్తవి వేయించాలా: ఏది మేలు?

ముప్పై ఏళ్ల కిందట కట్టిన వంటింట్లో తెల్లటి టైల్స్ ఎంత తోమినా పాతవిగానే కనిపిస్తాయి. పగలగొట్టిద్దామంటే తాపీ మేస్త్రి కూలి, ఇల్లంతా దుమ్ము, కనీసం వారం రోజులు పొయ్యి వెలగదు. అందుకే చాలామంది చూపు రంగు డబ్బా మీద పడుతుంది. నా మాట ముందే చెబుతాను: పొడిగా ఉండే గోడకైతే రంగు మంచిదే, నీళ్లు నిలిచే చోట వద్దు.

కారణం టైల్ పైపూతలోనే ఉంది. బట్టీలో కాల్చినప్పుడు ఆ పూత కరిగి గాజులా గట్టిపడుతుంది. గాజు దేన్నీ పీల్చుకోదు. సిమెంటు గోడలో ఇంకినట్టు రంగు ఇందులో ఇంకదు, పైపైన పట్టుకుని ఉంటుంది. తలుపులకు వేయగా మిగిలిన ఎనామిల్‌ను మా అమ్మ వంటింటి టైల్స్ మీద ఒకసారి నేరుగా వేశాను. కొన్నాళ్లు గది కొత్తగా వెలిగింది. వానాకాలం వచ్చేసరికి సింకు వెనక బుడగలు లేచాయి. గోటితో గీకితే ఉడికిన చామదుంప తొక్కలా ఊడి వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు గానీ, ఆ గోడ చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమనేది.

రెండోసారి పనిలో ఎక్కువ భాగం రంగు డబ్బా తెరవక ముందే జరిగింది. పోపు జిడ్డు కంటికి కనబడదు, చేతికి తెలుస్తుంది. వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, మంచినీళ్లతో రెండుసార్లు తుడిచి, ఆరనిచ్చాను. తర్వాత 220 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాను. టార్చి వెలుతురు పక్క నుంచి వేసి చూస్తే, రుద్దిన చోటు మసకగా, వదిలేసిన చోటు నీటి చుక్కలా తళుక్కుమంటుంది. రంగు ఊడేది ఆ తళుకు దగ్గరే. అంచుల్లో పాత సిలికాన్ ఉంటే బ్లేడుతో మొత్తం తీసేయాలి, దాని మీద ఏ రంగూ నిలవదు. ఆపైన టైల్స్‌కు పట్టే ప్రైమర్, దాని మీద హార్డెనర్ (రంగును గట్టిపరిచే ద్రవం) కలుపుకునే ఎపాక్సీ రంగు, పలచగా రెండు పూతలు. హార్డెనర్ కలిపాక రంగు డబ్బాలోనే బిగుసుకుపోతుంది కాబట్టి కొద్దికొద్దిగా కలుపుకోవాలి. వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీలు తెరిచే చేయాలి. చేతికి ఆరినట్టే ఉన్నా పూర్తిగా గట్టిపడటానికి వారం దాకా పడుతుంది. అంతవరకు తడి తగలనివ్వకూడదు. ఎండ నేరుగా పడే గోడకు తెల్ల ఎపాక్సీ వేస్తే క్రమంగా పసుపుబారుతుంది.

అద్దె ఇంటికి స్టిక్కర్లే నయం. ఖర్చు తక్కువ, ఖాళీ చేసేటప్పుడు తీసేయవచ్చు. ఆవిరి, నూనె తగిలేచోట మాత్రం అంచులు లేస్తాయి, ఆ సందులో మురికి చేరుతుంది. పొయ్యి వెనక వాటిని అంటించడం ప్రమాదం. ప్లాస్టిక్ పొర మంట సెగకు తట్టుకోదు.

స్నానాల గది నేలకు నేను రంగు వేయను, వేయమని ఎవరికీ చెప్పను. రోజూ బకెట్లు జరుగుతాయి, పాదాలు రాసుకుంటాయి, మూలల్లో నీళ్లు నిలుస్తాయి. అక్కడ పాత టైల్ మీదే కొత్త టైల్ అతికించడం మేలు. మామూలు సిమెంటు ఆ నున్నటి పూతను పట్టుకోదు, టైల్ అడెసివ్ కావాలి. బస్తా మీద ఐఎస్ 15477 (టైల్ అడెసివ్‌లకు భారతీయ ప్రమాణం) ముద్రతో పాటు, టైల్ మీద టైల్‌కు పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసుకోవాలి. ముందుగా పాత టైల్స్‌ను నాణెంతో ఒక్కొక్కటిగా తట్టాలి. బోలుగా మోగినది తీసేయాల్సిందే. నేల ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు లేస్తుంది కనుక తలుపు ఒరుసుకోకుండా, నీరు జాలీ వైపు వాలేలా ముందే మేస్త్రితో మాట్లాడుకోవాలి.

గోడలోనే చెమ్మ ఉంటే వీటిలో ఏదీ పనికిరాదు. పైపు కారుతోందేమో చూసి బాగుచేయించాలి, ఊగుతున్న టైల్స్ పగలగొట్టించాలి.

వంటింట్లో చాలాసార్లు ముసలిదైపోయింది టైల్ కాదు, సందుల్లోని వైట్ సిమెంటు. దాన్ని గీకి తీసి, ఎపాక్సీ గ్రౌట్ నింపి చూడండి. గోడ తేటగా కనిపిస్తే రంగు అవసరమే ఉండదు. అప్పటికీ వేయాలనిపిస్తే, ఫ్రిజ్ వెనక ఉన్న ఒక్క టైల్‌కు వేసి, వారం ఆగి, తడిగుడ్డతో గట్టిగా రుద్ది చూశాకే మిగతా గోడ మొదలుపెట్టండి.