గ్నోమ్ ఆల్ట్-ట్యాబ్: పది నిమిషాలు సర్దితే దీన్ని మించింది లేదు

నాలుగు టెర్మినళ్లు, రెండు ఫైర్‌ఫాక్స్ విండోలు, ఒక ఫైల్స్ విండో తెరిచి పనిచేసేవాళ్లకి లినక్స్ డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ మొదటి రోజే చిక్కు పెడుతుంది. ఆల్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే ఏడు విండోలు కనపడవు, మూడు ఐకాన్లే వస్తాయి. 2011లో గ్నోమ్ 3 వచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడ ఆల్ట్-ట్యాబ్ తిరిగేది అప్లికేషన్ల మధ్య, విండోల మధ్య కాదు. ఒకే అప్లికేషన్‌లోని విండోలు మార్చాలంటే ఆల్ట్‌తో ట్యాబ్ పైనున్న కీ నొక్కాలి.

దీన్ని అలవాటుతో సరిపెట్టుకోవచ్చు గానీ, అసలు ఇబ్బంది వేరే ఉంది. స్క్రీన్‌లో ఎడమ సగం టెర్మినల్, కుడి సగం బ్రౌజర్ పెట్టుకున్నారనుకోండి. ఆల్ట్-ట్యాబ్‌తో టెర్మినల్‌కి వెళ్లగానే ఆ వర్క్‌స్పేస్‌లో (విండోలు విడివిడిగా పెట్టుకునే తెరల్లో ఒకటి) ఉన్న మిగతా మూడు టెర్మినళ్లూ దాని వెనకాలే పైకొచ్చి బ్రౌజర్‌ని కప్పేస్తాయి. ఐకాన్‌ని ఎంచుకుని ఆల్ట్ వదిలేస్తే ఆ అప్లికేషన్ మొత్తాన్నీ పైకి తేవాలన్నది గ్నోమ్ లెక్క. ఒక్క విండోనే రావాలంటే ఐకాన్ దగ్గర కింది బాణం కీ నొక్కి, చిన్న బొమ్మల్లోంచి కావలసినది ఎంచుకోవాలి. అరసెకను ఆగితే ఆ బొమ్మలు వాటంతటవే తెరుచుకుంటాయి. కానీ తెరుచుకున్నంత మాత్రాన విండో ఎంపిక అయినట్టు కాదు, అక్కడ ఆల్ట్ వదిలితే మళ్లీ అన్నీ పైకొస్తాయి. చాలామంది తడబడేది ఇక్కడే.

సరిచేసే దారి సెట్టింగ్స్‌లోనే ఉంది. కీబోర్డ్ పేజీలో 'వ్యూ అండ్ కస్టమైజ్ షార్ట్‌కట్స్' తెరిచి, 'నావిగేషన్' లోకి వెళ్లి 'స్విచ్ విండోస్' మీద నొక్కండి. ఆల్ట్-ట్యాబ్ కొట్టండి. ఈ కీలు ఇప్పటికే 'స్విచ్ అప్లికేషన్స్' వాడుతోంది అని హెచ్చరిస్తుంది, 'రీప్లేస్' నొక్కేయండి. తర్వాత సూపర్-ట్యాబ్ (సూపర్ అంటే విండోస్ గుర్తున్న కీ) ఒకసారి కొట్టి చూడండి. అప్లికేషన్ల వరస రాకపోతే 'స్విచ్ అప్లికేషన్స్' కి ఆ కీలు మళ్లీ ఇవ్వండి, రెండు పద్ధతులూ చేతిలో ఉండడం మేలు. షార్ట్‌కట్ కీలు అడిగే పెట్టెలో ఎస్కేప్ కొడితే మార్పు రద్దవుతుంది, బ్యాక్‌స్పేస్ కొడితే ఆ షార్ట్‌కట్టే పోతుంది. ఈ రెండూ కలగాపులగం చేసుకోవద్దు.

ఇంతవరకూ బాగానే ఉంటుంది. రెండో వర్క్‌స్పేస్ వాడడం మొదలుపెట్టగానే అక్కడి విండోలు ఆల్ట్-ట్యాబ్‌లోంచి మాయమవుతాయి. చెడిపోయిందేమీ లేదు. విండోల స్విచర్‌కి (విండోలు చూపే ఆల్ట్-ట్యాబ్ పెట్టెకి) 'ఇప్పుడున్న వర్క్‌స్పేస్ మాత్రమే' అన్నది ముందే ఆన్ అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లోని 'మల్టీటాస్కింగ్' పేజీలో ఇలాంటి ఎంపికే కనపడుతుంది, కానీ అది అప్లికేషన్ల స్విచర్‌ది. అక్కడ ఎంత మార్చినా దీనికి అంటదు. ఇంత ముఖ్యమైన స్విచ్‌ని సెట్టింగ్స్‌లో పెట్టకపోవడం గ్నోమ్ చేసిన పెద్ద లోపం, దీన్ని గట్టిగానే అనాలి.

దీనికి గ్నోమ్ లోపలి సెట్టింగ్స్ మార్చే డీకాన్ఫ్ ఎడిటర్ కావాలి. ఫెడోరా, డెబియన్ లినక్స్‌లు రెండింటి ప్యాకేజీల్లోనూ దొరుకుతుంది. ఆర్గ్, గ్నోమ్, షెల్, విండో-స్విచర్ అన్న వరసలో లోపలికి వెళ్తే 'కరెంట్-వర్క్‌స్పేస్-ఓన్లీ' కనపడుతుంది. 'యూజ్ డిఫాల్ట్ వాల్యూ' ఆపేసి, విలువ ఫాల్స్ చేసి, 'అప్లై' నొక్కండి. లాగౌట్ అవసరం లేదు, మార్పు అప్పటికప్పుడే తెలుస్తుంది. దాని పక్కనే 'యాప్-ఐకాన్-మోడ్' ఉంటుంది. మామూలుగా విండో బొమ్మ, ఐకాన్ రెండూ చూపిస్తుంది. పది పన్నెండు విండోలు తెరిచేవాళ్లు దాన్ని ఐకాన్ ఒక్కటే చూపేలా మార్చుకుంటే వరస చిన్నదై కంటికి హాయిగా ఉంటుంది.

సర్దిన తర్వాత మాత్రం దీని చురుకుదనం మెచ్చుకోవాలి. టక్కున కొట్టి వదిలేస్తే పెట్టె తెర మీదకి రాకుండానే వెనకటి విండోకి వెళ్లిపోతారు. పెట్టె కనపడేముందు 150 మిల్లీసెకన్లు ఆగడం ఇందుకే. షిఫ్ట్ కలిపితే వెనక్కి తిరుగుతుంది. వరసలో ఉండగానే డబ్ల్యూ కొడితే ఆ విండో మూసుకుంటుంది. అప్లికేషన్ల వరసలోనైతే క్యూ కొడితే ఆ అప్లికేషనే మూసుకుంటుంది.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో టైప్ చేసేవాళ్లకి ఒక మంచి సంగతి. ట్యాబ్ పైనున్న కీ అక్కడ 'ఒ' గుణింతపు గుర్తు. అయినా ఆల్ట్‌తో కలిపి కొడితే విండోలు మారతాయి. గ్నోమ్ ఆ కీని అక్షరంతో గుర్తుపట్టదు, కీబోర్డ్ మీద దాని స్థానంతో గుర్తుపడుతుంది. కానీ ఆ చోట ఎస్కేప్ ఉండే, '60%' అని పిలిచే చిన్న కీబోర్డుల్లో ఇది నడవదు, ఎఫ్‌ఎన్ కలపాలి.

ఈ ఎంపికలన్నీ బయటే దొరకాలంటే కేడీఈ ప్లాస్మా అనే మరో లినక్స్ డెస్క్‌టాప్‌లో 'టాస్క్ స్విచర్' పేజీ చూడండి. వర్క్‌స్పేస్, స్క్రీన్, మినిమైజ్ అయినవి, ఒక్కో అప్లికేషన్‌కి ఒక్క విండో, అన్నీ అక్కడే టిక్కులుగా ఉంటాయి. గ్నోమ్‌కే ఎక్స్‌టెన్షన్ వేసి అదంతా తెచ్చుకోవచ్చు గానీ, ఆరు నెలలకోసారి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అది ఆగిపోయే ప్రమాదం ఉంది. రోజుకి వందలసార్లు కొట్టే కీని దానిమీద ఆధారపడేలా చేసుకోవద్దు.

వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్) విండోలో ఉన్నప్పుడు ఆల్ట్-ట్యాబ్ పనిచేయకపోతే కంగారు పడకండి, ఆ విండో కీబోర్డ్‌ని పట్టేసుకుని ఉంటుంది. వేలాండ్‌లో (విండోలను తెర మీద చూపించే కొత్త పద్ధతి) సూపర్-ఎస్కేప్ కొడితే షార్ట్‌కట్లు మళ్లీ మీ చేతికొస్తాయి.