విశాఖ ఉప్పుగాలిలో నా ఆడిబుల్ ఆల్టీమీటర్

స్కైడైవింగ్‌లో మనం పెట్టుకున్న ఎత్తుకి దిగగానే మోగేలా హెల్మెట్‌లో చెవి పక్కన పెట్టుకునే ఈ బుల్లి బీప్ పెట్టెని, ఫ్రీఫ్లయింగ్ (కూర్చునో, తలకిందులుగానో గాలిలో పడటం) నేర్చుకునేవాళ్ల దగ్గర తెగ పొగిడేవాణ్ణి. ఇప్పుడూ పొగుడుతాను, గొంతు కాస్త తగ్గించి.

పొట్ట కిందకి పెట్టి పడేటప్పుడు వేగం గంటకు 190 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. కూర్చున్న భంగిమలో 240 దాటొచ్చు, తలకిందులైతే ఇంకా ఎక్కువ. చేతులేమో గాలిని ఆనుకుని ఉంటాయి. మణికట్టుకున్న ఎత్తు మీటరు చూద్దామని ఒక చెయ్యి కదిపితే కొత్తవాళ్లకి ఒళ్లంతా గిర్రున తిరుగుతుంది. వెల్లకిలా పడితే మణికట్టు మీటరు మన ఒంటి చాటు సుడిగాలిలో పడి 1,000 అడుగుల దాకా తప్పు చూపొచ్చు. అలాంటప్పుడు 5,500 అడుగుల దగ్గర, బ్రేక్‌ఆఫ్ (ఒకరికొకరు దూరం జరగాల్సిన సమయం) అయిందని చెవిలో ఆ మొదటి బీప్ వినబడితే ప్రాణం లేచొస్తుంది.

థాయిలాండ్‌లో ఒకరోజు అది మోగలేదు. పొద్దున ఆన్ చేస్తే స్క్రీన్ బాగానే వెలిగింది. ఎదురుగా కూర్చున్న భంగిమలో ఉన్న కోచ్ చేతులు ఊపేదాకా బ్రేక్‌ఆఫ్ అని తెలీలేదు. మణికట్టు చూస్తే 5,000. పోయింది 500 అడుగులే, అంటే రెండు సెకన్లు. కానీ ఆ వేగంలో ఉన్నపళంగా పొట్ట మీదకి తిరిగితే పైనున్నవాళ్లు వచ్చి మీద పడతారు. ఆ వేగంలోనే పారాచూట్ తెరిస్తే గుడ్డ చిరగొచ్చు, మెడకి దెబ్బ తగలొచ్చు. మెల్లగా వేగం తగ్గించుకుని, ట్రాక్ చేసి, అంటే గాలిలో పక్కకి జారుతూ దూరం జరిగి, అప్పుడే లాగాలి. వీటన్నిటికీ ఎత్తు కావాలి కదా. ఏఏడీ (మనం లాగకపోతే దానంతటదే రిజర్వ్ పారాచూట్ తెరిచే పరికరం) ఉందిగా అంటారు కొందరు. అది సుమారు 750 అడుగుల దగ్గర పేలే ఆఖరి దిక్కు, దాన్ని నమ్ముకుని బ్రేక్‌ఆఫ్ చెయ్యలేం.

కిందకొచ్చి బ్యాటరీ మూత తీస్తే కాంటాక్టుల నిండా పచ్చటి చిలుము. మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో. కిటికీ గ్రిల్స్‌నే తినేసే గాలికి ఇదో లెక్కా? అమ్మినవాళ్లకి ఫోటో పంపితే “నీళ్లలో పడేశారా?” అని అడిగారు!

ఇప్పుడు ఊరి నుంచి రాగానే బ్యాటరీ తీసేసి, సిలికా జెల్ పొట్లాలతో బిగుతు డబ్బాలో పెడుతున్నా. రెండో చెవికి ఇంకోటి కొన్నా. అయినా సరే, కోచ్‌తో ప్లాన్ వేసేటప్పుడే మణికట్టు ఎక్కడెక్కడ చూడాలో అనుకుంటున్నాం.

దూకాలంటే నేను విశాఖ దాటాలి కాబట్టి ఏడాదిలో ఎక్కువ కాలం ఇది బీరువాలోనే ఉంటుంది. వారం వారం దూకేవాళ్లకి, సముద్రానికి దూరంగా ఉండేవాళ్లకి ఈ చిలుము గొడవ రాకపోవచ్చు. వాళ్లయితే ఒక్కటి కొంటే చాలేమో. నాకు మాత్రం రెండూ ఉండాల్సిందే.