స్రెబ్రెనిత్సా మెమోరియల్, పొటోచారి: బోస్నియా వెళ్తే తప్పకుండా చూడండి

1995 ఊచకోతలో చనిపోయినవాళ్ళ స్మారకం ఇది. రాజధాని సరయెవో నుంచి కార్లో సుమారు మూడు గంటలు, పొద్దున్నే బయల్దేరండి. మ్యూజియం ఉన్నది పాత బ్యాటరీ ఫ్యాక్టరీలో, 1995లో ఐరాస తరఫున వచ్చిన డచ్ సైనికుల బేస్ అదే, గోడల మీద వాళ్ళ రాతలు ఇంకా అలాగే ఉంచారు, బోస్నియా ఆడవాళ్ళని వెక్కిరిస్తూ రాసినవి కూడా, చదువుతుంటే కడుపు రగిలిపోయింది. బోస్నియా యుద్ధం నడుస్తుండగా స్రెబ్రెనిత్సాని 1993లోనే ఐరాస సేఫ్ ఏరియా (దాడి చేయకూడని చోటు) అని ప్రకటించింది కదా, అది నమ్మి వేలమంది బోస్నియా ముస్లింలు ఈ గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చారు, లోపల చోటు దొరికినవాళ్ళని కూడా డచ్ సైనికులు చివరికి బయటికి పంపేశారండీ! 1995 జులైలో బోస్నియా సెర్బ్ సైన్యం 8 వేలకు పైగా ముస్లిం మగవాళ్ళని, మగపిల్లల్ని చంపేసింది. 2019లో డచ్ సుప్రీంకోర్టు, బేస్ లోంచి పంపేసిన 350 మంది విషయంలోనే డచ్ ప్రభుత్వానికి బాధ్యత, అదీ 10 శాతమే అంది, ఇదేం న్యాయం? రోడ్డుకి అవతలే సమాధులు, రాతి మీద ఒకే ఇంటిపేరు వరసగా ఎన్నిసార్లో. హడావిడిగా చూడొద్దు, సగం రోజు పెట్టుకోండి.