బఫర్ తగ్గించడమా, డైరెక్ట్ మానిటరింగా: ఇంటి రికార్డింగ్‌కు ఏది మేలు?

హన్మకొండలో మా ఇంటి పైగదిలో బతుకమ్మ పాట రికార్డు చేస్తుండగా, పాడుతున్న మా చిన్నమ్మ రెండో చరణం దగ్గర హెడ్‌ఫోన్ తీసి, "చప్పట్లు రెండు సార్లు ఇనబడుతున్నయి బిడ్డా" అన్నది. అప్పుడు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్, అంటే శబ్దాన్ని కొంచెం కొంచెంగా కూడబెట్టే తాత్కాలిక నిల్వ, 1,024 శాంపిళ్ల (శబ్దపు అతి చిన్న కొలతల) దగ్గర ఉన్నది. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన అంత బఫర్ ఒకసారి నిండడానికే సుమారు 23 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి వచ్చేటప్పుడు ఒకటి, బయటికి వెళ్లేటప్పుడు ఒకటి, వాటిపైన శబ్దాన్ని అంకెలుగా, అంకెలను తిరిగి శబ్దంగా మార్చే కన్వర్టర్ల ఆలస్యం కూడా కలిస్తే దాదాపు 50 మిల్లీసెకన్లు అవుతుంది. అంటే 17 మీటర్ల దూరంలో ఎవరో చప్పట్లు కొడితే వినబడినంత ఆలస్యం.

మొదటి మార్గం బఫర్‌ను 128కి దించడం. ఒక్కో బఫర్ 3 మిల్లీసెకన్ల లోపుకు వస్తుంది గానీ, ఆ కొద్ది వ్యవధిలోనే ప్రాసెసర్ అన్ని ట్రాకుల పనీ ముగించాలి. ముగించలేకపోతే పాటలో చిటపటలు పడతాయి. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ (మైకును, హెడ్‌ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవర్ (తక్కువ ఆలస్యంతో శబ్దాన్ని చేరవేసే సాఫ్ట్‌వేర్) లేకుండా ఈ ప్రయత్నం సాధారణంగా వృథా. అన్ని ట్రాకులూ కలిసే మాస్టర్ ట్రాక్‌పై ముందుచూపు లిమిటర్ (రాబోయే శబ్దాన్ని ముందే చూసి హోరు హద్దు దాటకుండా ఆపేది) ఉంటే, బఫర్ ఎంత తగ్గించినా దాని ఆలస్యం దానిదే.

రెండోది డైరెక్ట్ మానిటరింగ్. మైకు శబ్దం కంప్యూటర్‌కు పోయి రాకుండా, ఇంటర్‌ఫేస్ లోపలి నుంచే హెడ్‌ఫోన్‌కు చేరుతుంది కనుక బఫర్ ఎంతున్నా చింత లేదు. అయితే సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ (పాడుతున్నది హెడ్‌ఫోన్‌లో వినిపించడం) ఆపడం మరిచిపోతే గొంతు మళ్లీ జంటగానే వినబడుతుంది. నేను చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) లేని పొడి గొంతుతో పాడలేమనేవారికి, అసలు గొంతు కలవని రివర్బ్‌ను మాత్రమే సాఫ్ట్‌వేర్ నుంచి పంపవచ్చు. ప్రతిధ్వని కొంచెం ఆలస్యంగా రావడం సహజమే గనుక అక్కడ ఆ జాప్యం చెవికి ఇబ్బందిగా ఉండదు.

కాబట్టి గాత్రానికి, డప్పుకు నా ఓటు డైరెక్ట్ మానిటరింగ్‌కే. మిడి కీబోర్డుకు మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే అక్కడ శబ్దం పుట్టేదే కంప్యూటర్‌లో. బఫర్ తగ్గించక తప్పదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌కు దాని సొంత ఆలస్యం ఉంటుంది కనుక, అది పెట్టుకున్నవారికి రెండూ అక్కరకు రావు. మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు బఫర్‌ను నేను తిరిగి 1,024కే పెంచుతాను, అప్పుడు పాడేవారెవరూ ఉండరు.