ఆస్ట్రేలియాకి చిలుకని పంపిస్తామంటే డబ్బు కట్టకండి

ఇండియా నుంచి ఆస్ట్రేలియాకి పెంపుడు చిలుకని తీసుకెళ్లే దారి లేదు. ముందు ఈ ఒక్క ముక్క చదివేయండి, మిగతాది తీరిగ్గా చదవొచ్చు. పెంపుడు పక్షుల్ని ఆస్ట్రేలియా ఒక్క న్యూజిలాండ్ నుంచే రానిస్తుంది. అదీ కొన్ని జాతులనే, పర్మిట్ ఉంటేనే. కాబట్టి ఏజెంట్ ఎవరైనా "అయిపోతుంది మేడం, కాస్త ఖర్చవుతుంది అంతే" అంటే అక్కడితో మాట ఆపేయండి.

మా వారికి మెల్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో చింటూ అనే ఆఫ్రికన్ గ్రే చిలుక ఉంది. కుక్కర్ విజిల్ ఎంత బాగా వేస్తుందంటే, మా అత్తయ్యగారు ఇప్పటికీ స్టవ్ కట్టేయడానికి లేచి వంటింట్లోకి వెళ్తారు. పొయ్యి మీద కుక్కరే ఉండదు. ఈ చిలుకలు జాగ్రత్తగా చూసుకుంటే నలభై ఏళ్లు కూడా బతుకుతాయి. అలాంటి దాన్ని ఎవరికో ఇచ్చేసి విమానం ఎక్కడం మా వల్ల కాదనుకుని, హైదరాబాద్‌లో ఒక పెట్ రీలొకేషన్ సంస్థని కలిశాం. పంజరం కొలతలు తీసుకున్నారు, ఫొటోలు తీసుకున్నారు, మొత్తం నాలుగున్నర లక్షలని చెప్పి లక్షన్నర అడ్వాన్స్ కట్టించుకున్నారు. ఇప్పుడు పని కాదని తేలాక ఆ డబ్బు "ప్రాసెసింగ్ ఫీజు" కాబట్టి వెనక్కి రాదంటున్నారు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాం, అందుకే పేరు రాయడం లేదు.

వాళ్లిచ్చిన ఎస్టిమేట్ గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే మీకూ అలాంటిదే ఇస్తారు. లెటర్‌హెడ్, జీఎస్టీ నంబర్, సంతకం అన్నీ పక్కాగా ఉన్నాయి. మూడో లైన్‌లో "సిడ్నీ ఈస్టర్న్ క్రీక్ క్వారంటైన్ కేంద్రం, 30 రోజులు" అని ఉంది. ఆ కేంద్రం 2015లోనే మూతపడింది. ఇప్పుడు ఉన్నది మెల్‌బోర్న్ దగ్గర మికిల్‌హామ్‌లో. ఇక ఆ 30 రోజుల లెక్క అమెరికాది. బయటి దేశాల నుంచి వచ్చే పెంపుడు పక్షుల్ని అమెరికా ప్రభుత్వం తన కేంద్రంలో 30 రోజులు ఉంచుతుంది. అంటే అమెరికా కాగితం మీద దేశం పేరు మార్చి మా చేతిలో పెట్టారు. ఇది కనిపెట్టడానికి లాయర్ అక్కర్లేదు, గూగుల్‌లో ఆ కేంద్రం పేరు కొడితే చాలు. డబ్బు కట్టే ముందే ఎస్టిమేట్‌లో ఉన్న ప్రతి ఊరి పేరు, ప్రతి ఆఫీసు పేరు అలా వెతకండి.

గట్టిగా అడిగితే రెండో కథ మొదలుపెట్టారు. "న్యూజిలాండ్ మీదుగా పంపిస్తాం మేడం." పక్షి ఆ దేశంలో విమానం మారినంత మాత్రాన అక్కడి పక్షి అయిపోదు. పైగా బయటి జంతువుల్ని రానిచ్చే విషయంలో న్యూజిలాండ్ ఆస్ట్రేలియాకి ఏమాత్రం తీసిపోదు. ఆస్ట్రేలియాకి దొంగతనంగా తెచ్చిన ప్రాణిని పట్టుకుంటే వెనక్కి పంపుతారు, లేదా చంపేస్తారు. తెచ్చిన మనిషి మీద కేసు వేరే. హాలీవుడ్ నటుడు జానీ డెప్ 2015లో సొంత విమానంలో రెండు చిన్న కుక్కల్ని డిక్లేర్ చేయకుండా అక్కడికి తెస్తే, వెనక్కి పంపకపోతే చంపేస్తామని సాక్షాత్తూ అక్కడి మంత్రి చెప్పారు. కుక్కలు అమెరికా వెళ్లిపోయాయి, కోర్టు కేసు మాత్రం మరుసటి ఏడాది దాకా నడిచింది. అంత పలుకుబడి ఉన్నవాళ్లకే లేని దారి మన ఏజెంటుకి ఎక్కడ దొరుకుతుంది?

ఆస్ట్రేలియా వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. 1859లో విక్టోరియాలో వేట సరదా కోసం వదిలిన కుందేళ్లు దేశమంతా పాకి పంటలు, పచ్చిక మేసేశాయి. ఇక పక్షుల విషయానికొస్తే, 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మనం ఎంత హడలిపోయామో గుర్తుంది కదా. అక్కడి అడవుల నిండా కాకటూలు, లోరికీట్లు లాంటి చిలుక జాతి పక్షులు. బయటి రోగం ఒక్కటి చేరితే వాటి గతేమిటి? రూల్ మీద నాకు కోపం లేదు. ఆ రూల్ తెలిసీ డబ్బు తీసుకున్నవాళ్ల మీదే కోపం.

చిలుక ఒక్కటే కాదు. కుందేళ్లు కూడా న్యూజిలాండ్ నుంచే వెళ్లాలి. హ్యామ్‌స్టర్లు, తాబేళ్లు పెంపుడు జంతువులుగా అసలు కుదరవు. కుక్కలు, పిల్లులు కూడా ఇండియా నుంచి నేరుగా వెళ్లలేవు, ముందు ఆస్ట్రేలియా ఆమోదించిన వేరే దేశంలో నెలల తరబడి ఉండాలి.

ఇంకో విషయం. అదే ఆఫీసులో మా ముందే ఒకాయన నక్షత్ర తాబేలు గురించి అడిగితే "దానికీ పేపర్లు చేయిస్తాం సార్" అన్నారు. నక్షత్ర తాబేలునీ, మన రామచిలుకనీ ఇంట్లో పెంచుకోవడమే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. వాటికి పేపర్లు ఉండవు. ఎవరైనా చేయిస్తానంటే అవి దొంగ పేపర్లే, రేపు విమానాశ్రయంలో నిలబడేది మీరు.

ఆఫ్రికన్ గ్రే విదేశీ పక్షి కాబట్టి పెంచుకోవచ్చు, కానీ 2017 నుంచి అది సైటిస్ అనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉంది. ఏ దేశానికి తీసుకెళ్లాలన్నా ఇక్కడ ఎగుమతి పర్మిట్, అక్కడ దిగుమతి పర్మిట్, రెండూ ముందే చేతిలో ఉండాలి. ఇక్కడ పెంచుకోవాలన్నా 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. కొత్తగా కొన్నవాళ్లకి గడువు 30 రోజులు. షాపువాడు "బిల్లు ఉంది కదా, చాలు" అంటాడు. చాలదు. రిజిస్ట్రేషన్ లేని పక్షికి ఎగుమతి పర్మిట్ మాట కూడా ఎత్తలేరు. అమెరికా వెళ్లేవాళ్లకి దారి ఉంది: ఏడాదికి తక్కువ కాకుండా ఆ దేశం బయట నివసించినవాళ్లు తమ సొంత పక్షుల్ని ఏడాదికి రెండు దాకా తీసుకెళ్లొచ్చు. కాగితాల పని మాత్రం నెలలు పడుతుంది, వీసా స్టాంప్ పడ్డాక మొదలుపెడితే ఆలస్యమే.

ఏజెంటుని నమ్మే ముందు సొంతంగా చూసుకునే చోటు చెప్తాను. ఆస్ట్రేలియా వ్యవసాయ శాఖకి బైకాన్ అని ఒక ఆన్‌లైన్ వ్యవస్థ ఉంది, చూడటానికి పైసా అక్కర్లేదు. ఏ ప్రాణి, ఏ దేశం నుంచి అన్నది కొడితే వీలవుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. మన వైపు సర్టిఫికెట్ల కోసం జంతు క్వారంటైన్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఏజెంటుతో "దిగుమతి పర్మిట్ కాపీ చూపించాకే డబ్బు, పర్మిట్ రాకపోతే అడ్వాన్స్ వాపసు" అని రాతపూర్వకంగా తీసుకోండి. రాసివ్వడానికి నసిగితే అర్థం చేసుకోండి.

చింటూ ఇప్పుడు గుంటూరులో మా పెద్దక్క దగ్గర ఉంది. అలా ఇచ్చేటప్పుడు కూడా పరివేష్‌లో యజమాని మార్పు నమోదు చేయించాలి, మర్చిపోకండి. లేకపోతే అధికారులు వస్తే ఇబ్బంది పడేది ఇంట్లో పెట్టుకున్నవాళ్లే.

ఇలాగే అడ్వాన్స్ కట్టి ఇరుక్కున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఎస్టిమేట్, వాట్సాప్ మెసేజ్‌లు, యూపీఐ రసీదులు ఏవీ డిలీట్ చేయకండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. ఏజెంట్లు "ఫోన్‌లో మాట్లాడుకుందాం మేడం" అంటారు, ఒప్పుకోవద్దు, ప్రతి జవాబూ మెయిల్‌లోనే అడగండి.