మంచు మేటలు వేసే తీరం: ట్రోమ్సో నుంచి నార్త్‌కేప్ దాకా శీతకాల ప్రయాణం

ఉత్తర నార్వేకు శీతకాలంలో వెళ్లి వచ్చామని చెబితే మనవాళ్లు మొదట అడిగేది చలి గురించే. ఆ తీరంలో ప్రయాణికుడి రోజు ఎలా గడవాలో నిర్ణయించేది మాత్రం చలి కాదు. కురిసే మంచు, దానికి తోడయ్యే గాలి. ట్రోమ్సో పట్టణం ఆర్కిటిక్ వలయానికి చాలా ఉత్తరాన, దాదాపు 69.6 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నప్పటికీ, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల అక్కడి సముద్రం శీతకాలమంతా గడ్డకట్టదు. జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు మూడు, నాలుగు డిగ్రీలు మాత్రమే తక్కువగా ఉంటుంది. తీరానికి దూరంగా, ఫిన్‌మార్క్ పీఠభూమిలో ఉన్న కరాస్యోక్‌లో 1886 జనవరి 1న మైనస్ 51.4 డిగ్రీలు నమోదయ్యాయి. నార్వేలో ఇప్పటికీ అదే రికార్డు. చలి తీవ్రత లోపలి భూములది, మంచు భారం తీరానిది. గడ్డకట్టని సముద్రం మీదుగా తేమను మోసుకొచ్చే గాలి, నీటి ఒడ్డునే నిటారుగా లేచిన కొండలను తాకి పైకెక్కి, అక్కడి చల్లదనానికి మంచుగా మారి కురుస్తుంది. ట్రోమ్సోలో నేల మీద కొలిచిన మంచు మందం 1997 ఏప్రిల్ 29న 240 సెంటీమీటర్లకు చేరింది. మన దగ్గర రోహిణి ఎండలకు సిద్ధమయ్యే రోజుల్లో అక్కడ మనిషి ఎత్తును మించి మంచు పేరుకుందన్నమాట.

ఆ తేదీని గుర్తు పెట్టుకుంటే ఏ నెలలో వెళ్లాలన్న ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది. నవంబరు చివరి వారం నుంచి జనవరి మధ్య వరకు ట్రోమ్సోలో సూర్యుడు క్షితిజం పైకి రాడు. మధ్యాహ్నం కొన్ని గంటల పాటు నీలిరంగు వెలుగు మాత్రం పరచుకుంటుంది, అదీ ఎంతో అందంగానే ఉంటుంది. అయితే మంచును చూడాలని, మంచులో తిరగాలని వెళ్లేవారికి ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి చివరి దాకా ఉండే కాలమే మేలని నా అభిప్రాయం. అప్పటికి నెలల తరబడి కురిసిన మంచు నేల మీద పేరుకుని ఉంటుంది, పగలు పొడవుగా ఉంటుంది, రాత్రులు ఆకాశంలో రంగుల తెరల్లా కదిలే ధ్రువకాంతులు చూడటానికి తగినంత చీకటిగానూ ఉంటాయి. మేము ఆ కాలంలోనే వెళ్లాము.

బస విషయంలో ట్రోమ్సో నడిబొడ్డున, పట్టణం విస్తరించి ఉన్న దీవి మీదనే ఉండటం మంచిది. పక్కనున్న క్వాలోయా దీవిలో ఎర్స్‌ఫ్యోర్డ్ వైపు దొరికే అద్దె ఇళ్లు ఫొటోల్లో చూస్తే కళ్లు తిప్పుకోలేము. ఎదురుగా ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ), వెనుక కొండలు, చుట్టూ మనిషి అలికిడి లేని తెలుపు. కానీ రాత్రంతా మంచు కురిసిన మర్నాడు ఇంటి గుమ్మం నుంచి రోడ్డు వరకు దారి చేసుకోవలసింది ఎవరో ముందే తెలుసుకోవాలి. ప్రధాన రహదారులను, బస్సులు తిరిగే వీధులను ప్రభుత్వ యంత్రాలు తెల్లవారకముందే శుభ్రం చేస్తాయి, సొంత ఇళ్ల వాకిళ్ల బాధ్యత మాత్రం యజమానులదే. మేము రెండు రాత్రులు ఉన్న ఒక ఇంట్లో ఆ పని అతిథులదేనని అక్కడికి చేరాకే చెప్పారు. మోకాలి లోతు మంచును పారతో ఎత్తిపోయడం పెద్దలతో వెళ్లినవారికి చిన్న కష్టం కాదు. పట్టణంలో మేము దిగిన అపార్ట్‌మెంటులో ఈ బెడద లేదు. కిటికీలకు మూడు పొరల అద్దాలు, గుమ్మం పక్కనే తడి బూట్లు, కోట్లు విడిచేందుకు ప్రత్యేకంగా చిన్న గది ఉన్నాయి. చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్లే అలవాటు వాళ్లకూ ఉంది కనుక మా అమ్మకు ఆ ఇల్లు వెంటనే నచ్చింది.

పట్టణంలో నడిచేవారికి అసలు ప్రమాదం కొత్తగా పడిన మంచు కాదు. అది మెత్తగా ఉండి కాలికి పట్టు ఇస్తుంది. సముద్రం నుంచి వెచ్చని గాలి వీచిన రోజున నడి చలికాలంలోనే వాన పడుతుంది. ఆ నీరు తొక్కుడుపడిన మంచు మీద నిలిచి, రాత్రికి మళ్లీ గడ్డకడుతుంది. మర్నాటికి కాలిబాట అద్దంలా తయారవుతుంది. అందుకే అక్కడ పసివాళ్ల నుంచి ముసలివాళ్ల దాకా బూట్లకు ఇనుప ముళ్లున్న రబ్బరు తొడుగులు వేసుకుంటారు. పట్టణంలోని దుకాణాల్లో సులువుగా దొరుకుతాయి. దిగిన మొదటి గంటలోనే వాటిని కొనుక్కోమని, పనిలో పనిగా కోటుకు వేలాడదీసే మెరిసే పట్టీలను కూడా తీసుకోమని సలహా ఇస్తాను. మంచు కురుస్తున్న చీకట్లో కారు నడిపేవాడికి నల్లకోటు వేసుకున్న మనిషి కనిపించడు.

సిటీ బస్సుల సేవ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎదురుగా ఏమీ కనిపించనంత దట్టంగా మంచు కురుస్తున్నప్పుడూ అవి కాస్త ఆలస్యంగానైనా వచ్చాయి. వంతెన అవతల 1965లో కట్టిన ఆర్కిటిక్ కెథీడ్రల్, దానికి దగ్గరలోనే 421 మీటర్ల ఎత్తున్న స్టూర్‌స్టైనెన్ కొండ అంచుకు వెళ్లే కేబుల్‌కార్ ఉన్నాయి. కేబుల్‌కార్ గాలి ఎక్కువైతే ఆగిపోతుంది కనుక, ఆకాశం తేటపడిన మొదటి రోజే ఆ పని ముగించుకోవాలి. చివరి రోజుకు వాయిదా వేసుకుంటే దక్కకపోవచ్చు. ఆ కొండకే నేపాల్ షెర్పాలు కట్టిన 1200 పైచిలుకు రాతి మెట్ల దారి ఉంది. వేసవిలో అద్భుతంగా ఉంటుందట, శీతకాలంలో మాత్రం అది మంచు కింద కప్పబడి ఉంటుంది కనుక ఆశ పెట్టుకోనక్కరలేదు.

ధ్రువకాంతుల యాత్రలను ఎంచుకునేటప్పుడు వాహనం పరిమాణాన్ని చూడాలి. మంచు కురిసే రాత్రి తీరమంతా మేఘం కమ్మి ఉంటుంది. అప్పుడు కాంతులు చూడాలంటే కొండల వెనుకనున్న పొడి ప్రాంతానికి, షిబోట్న్ వైపుకో, అక్కడి నుంచి ఫిన్లాండ్ సరిహద్దు దాటి కిల్‌పిస్‌యార్వి వైపుకో పరుగెత్తాలి. పదిహేను మంది లోపు ఎక్కే చిన్న బండ్లు నడిపే మార్గదర్శకులు వాతావరణ సూచన చూసుకుంటూ అప్పటికప్పుడు దారి మార్చుకుంటారు. రోడ్డు పక్కన కాస్త మంచు తవ్విన జాగా ఉన్నా నిలపగలరు. పెద్ద బస్సుకు ఆ వీలు తక్కువ. పడవ యాత్రలు ఆహ్లాదంగానే ఉంటాయి గానీ, మేఘం కింద నుంచి బయటపడే వేగం పడవకు లేదు. చిన్న బండికి ధర ఎక్కువైనా మేము దానికే వెళ్లాము, పెట్టిన ఖర్చుకు న్యాయం జరిగింది. పాస్‌పోర్టు జేబులో ఉండాలన్న సంగతి మన దేశం నుంచి వెళ్లేవారు మరువకూడదు; రెండు దేశాలూ షెంగెన్ అనే ఐరోపా ఉమ్మడి వీసా పరిధిలోనివే కనుక ఒకే వీసా సరిపోతుంది.

తూర్పున లింగెన్ కొండలు స్కీయింగ్ చేసేవారికి స్వర్గం. వాటిని దూరం నుంచి చూసి రావడం వేరు, వాటి వాలుల్లోకి వెళ్లడం వేరు. గాలి ఎగరగొట్టిన మంచు కొండకు ఒక వైపే మేటవేసి, కింది పొరతో అతుక్కోకుండా నిలబడి, ఒక మనిషి బరువుకే విరిగి జారిపోగలదు. 2023 మార్చి 31న ఒక్క రోజులోనే ఉత్తర నార్వేలో మంచు చరియలు నలుగురిని బలితీసుకున్నాయి. ఆ రోజు రైనోయా దీవిలో ఒక ఇంటినే చరియ సముద్రంలోకి నెట్టివేసింది. ప్రభుత్వం వార్సోమ్ అనే సేవ ద్వారా ప్రతి ప్రాంతానికీ ఒకటి నుంచి ఐదు వరకు ప్రమాద స్థాయిని రోజూ ప్రకటిస్తుంది, ఇంగ్లిషులో కూడా. స్నోషూ నడకకు (మంచులో కూరుకుపోకుండా బూట్లకు వెడల్పాటి పలకలు కట్టుకుని నడిచే నడకకు) తీసుకువెళ్తామన్న ఏ సంస్థనైనా, ఈ స్థాయి పెరిగితే దారి ఎలా మారుస్తారని అడగండి. మమ్మల్ని తీసుకువెళ్లిన యువతి బయలుదేరే ముందే ఆ రోజు స్థాయి మూడని చూపించి, కొండవాలు వదిలి లోయ అడుగున బిర్చ్ చెట్ల మధ్య నడిపించింది. నడక చిన్నదైనా ఆమె మీద నమ్మకం కలిగింది.

ట్రోమ్సో నుంచి ఇంకా ఉత్తరానికి వెళ్లడానికి రోడ్డు, చిన్న విమానాలు, తీరనౌక ఉన్నాయి. మంచుకాలంలో నా ఓటు తీరనౌకకే. 1893లో మొదలైన ఈ బెర్గెన్–కిర్కెనెస్ నౌకా మార్గంలో ఇప్పుడు హర్టిగ్రూటెన్, హావిలా సంస్థల ఓడలు నడుస్తున్నాయి. మొత్తం యాత్ర కొనకుండా ఒక రేవు నుంచి మరో రేవుకు మాత్రమే టికెట్ తీసుకోవచ్చు. సాయంత్రం ట్రోమ్సోలో ఎక్కితే మర్నాటి పగటికి నార్త్‌కేప్‌కు దగ్గరి ఊరైన హోన్నింగ్స్‌వోగ్ చేరుతాము. మూసేసిన కొండదారి గురించి దిగులు లేకుండా వెచ్చని గదిలో రాత్రి గడుస్తుంది. బహిరంగ సముద్రం తగిలే చోట ఓడ గట్టిగానే ఊగింది, కడుపు తిప్పేవారు మాత్రలు దగ్గర పెట్టుకోవాలి. దారిలో హామర్‌ఫెస్ట్ తెల్లవారుజామున వస్తుంది. పట్టణం వెనుక కొండవాలు మీద వరుసలుగా నిలిపిన ఉక్కు కంచెలు ఓడ మీద నుంచే దీపాల వెలుగులో కనిపిస్తాయి. పైనున్న మంచు ఇళ్ల మీదకు జారకుండా పట్టుకోవడమే వాటి పని.

హోన్నింగ్స్‌వోగ్‌లో 1944లో జర్మన్ సేనలు వెనుదిరుగుతూ ఊరినంతా తగులబెట్టగా మిగిలిన కట్టడం చర్చి ఒక్కటే. ఇళ్లు కోల్పోయినవారు తిరిగివచ్చి, కొత్త ఇళ్లు లేచేదాకా అందులోనే తలదాచుకున్నారు. మంచులో నిలబడి ఆ చిన్న తెల్లని చర్చిని చూస్తుంటే, ఆ వాతావరణంలో నీడ లేకుండా బతకడమంటే ఏమిటో కొంత అర్థమైంది. మా వరకు ఈ యాత్రలో మనసుకు బాగా దగ్గరైన చోటు నార్త్‌కేప్ కన్నా ఇదే.

ఐరోపా ఉత్తర కొసగా పేరుపడ్డ కొండకొమ్ము నార్త్‌కేప్. అక్కడికి వెళ్లే చివరి 13 కిలోమీటర్ల రోడ్డు మీద శీతకాలంలో ఎవరికి వారు బండి నడపడానికి వీల్లేదు. నిర్ణీత వేళకు గేటు దగ్గర వాహనాలన్నీ వరుసకట్టాలి. మంచు తొలగించే బండి ముందు నడుస్తుంది, దాని వెనకాలే, దీపాలు వెలిగించుకుని, అందరూ సాగాలి. వరుసలో చేరేవారి దగ్గర సరిపడా ఇంధనం, వెచ్చని బట్టలు ఉండాలి, మధ్యలో వెనక్కి తిరగడం, ముందు బండిని దాటడం కుదరదు. గాలి పెరిగితే ఆ వేళ ప్రయాణమే రద్దవుతుంది. ఈ ఏర్పాటు కొందరికి చాదస్తంగా తోస్తుంది. చెట్టు చేమ లేని ఆ పీఠభూమి మీద నేల మీది మంచు గాలికి లేచి, ముందున్న బండి దీపాలు సైతం కనిపించని నిమిషాలు చూశాక, అంతకన్నా బాధ్యత గల పద్ధతి మరొకటి ఉండదనిపించింది. 307 మీటర్ల కొండకొమ్ము చివర గుర్తుగా నిలిపిన ఇనుప గోళం దగ్గర పది నిమిషాలు నిలబడగలిగాము. సొంతంగా కారు అద్దెకు తీసుకుని ఇక్కడికి రావాలన్న ఆలోచన మంచులో బండి నడిపిన అనుభవం లేనివారికి వద్దే వద్దు. హోన్నింగ్స్‌వోగ్ నుంచి బస్సులో వెళ్లడమే మంచిది.

ట్రోమ్సోకు, నార్త్‌కేప్‌కు మధ్యనున్న అల్తా పట్టణం గురించి రెండు మాటలు చాలు. అది ఫ్యోర్డ్ లోపలికి ఉండటం వల్ల చలి ఎక్కువ, మంచు తక్కువ, ఆకాశం తరచుగా తేటగా ఉంటుంది. పెద్దలను తీసుకువెళ్లేవారికి తీరం కన్నా అదే సుఖం.

భోజనం కోసం వంటగది ఉన్న బస తీసుకోండి. సూపర్‌మార్కెట్లలో బియ్యం, కూరగాయలు, పెరుగు అన్నీ దొరికాయి; హోటళ్లలో శాకాహారం దొరికినా ఖరీదెక్కువ. పొడులు, పచ్చళ్లు మన ఇంటి నుంచి తీసుకువెళ్లవచ్చు. ఐరోపా వెలుపలి నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడాన్ని నార్వే అనుమతించదు కనుక నెయ్యి సీసా మాత్రం ఇంట్లోనే వదిలేయాలి.

తిరుగు ప్రయాణానికి హోన్నింగ్స్‌వోగ్ వంటి చిన్న రన్‌వేల నుంచి అదే రోజు ఓస్లో అందుకుని, అక్కడి నుంచి హైదరాబాదు వైపు విమానం ఎక్కేలా టికెట్లు కొనకూడదు. మంచుగాలికి అక్కడి విమానాలు నిలిచిపోవడం సాధారణం. విడివిడిగా కొన్న టికెట్లలో ఒకటి తప్పితే రెండోదాని డబ్బు మనదే పోతుంది. ఓస్లోలో కనీసం ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి, వీసా గడువులో ఆ రోజును కూడా ముందే కలుపుకోవాలి.