బ్యాకప్ మెయిల్ సర్వర్ కొనేవాళ్లు కాస్త చూసుకోండి

ఏడాదికి ఆరు వేలు కట్టి బ్యాకప్ ఎంఎక్స్ సర్వీసు (మన మెయిల్ సర్వర్ పలకనప్పుడు మెయిల్స్ అందుకునే రెండో సర్వర్) తీసుకున్నాను. అది తీసుకోకపోయి ఉంటే నా మెయిల్స్ ఒక్కటీ పోయేవి కావు!

విజయవాడ ఆటోనగర్‌లో మాది స్పేర్‌పార్టుల వ్యాపారం. మెయిల్ సర్వర్ షాపులోనే ఉంది, పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ మీద నేనే నడుపుకుంటాను. "మీ నెట్ పోతే మెయిల్స్ మా దగ్గర ఆపి, లైన్ రాగానే పంపేస్తాం సార్" అన్నారు ఆ సర్వీసు వాళ్లు. సరేనని ఎంఎక్స్ రికార్డుల్లో (మా డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి పోవాలో చెప్పేవి) మాది 10, వాళ్లది 20 పెట్టాను. చిన్న నంబరు ఉన్న సర్వర్‌కే మెయిల్ ముందు వస్తుంది, అది పలకకపోతేనే రెండోదానికి పోతుంది.

పోయిన నెల రోడ్డు తవ్వుతూ జేసీబీ వాడు కేబుల్ తెంపేశాడు. తొమ్మిది గంటలు నెట్ లేదు. బ్యాకప్ ఉందిగా అని నేను నిమ్మళంగా కూర్చున్నాను. సాయంత్రం చెన్నై పార్టీ ఫోన్ చేసి "ఏంటండీ, ఆర్డర్ పంపితే తిరిగొచ్చింది?" అన్నాడు. వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు: "554 5.7.1 రిలే యాక్సెస్ డినైడ్". అంటే ఈ మెయిల్ మేం తీసుకోం అని బ్యాకప్ సర్వర్ చెప్పడం. విషయమేంటంటే, బ్యాకప్ వాళ్లు కొత్త సర్వర్‌కి మారినప్పుడు మా డొమైన్‌ని అందులో చేర్చడం మర్చిపోయారు.

ఇక్కడే అసలు దెబ్బ. 4తో మొదలయ్యే జవాబొస్తే పంపేవాడి సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో వస్తే అక్కడితో సరి, మెయిల్ వెనక్కి పోతుంది. అసలు ఏ సర్వరూ పలకకపోతే మెయిల్ క్యూలోనే ఉంటుంది. కనీసం 4, 5 రోజులు ప్రయత్నించాలని మెయిల్ పంపే పద్ధతికి ఉన్న ఎస్ఎంటీపీ ప్రమాణమే చెబుతోంది. దాని ముందు తొమ్మిది గంటలెంత?

గొడవ చేస్తే సరిచేశారు. ఎలాగంటే, మా డొమైన్ పేరుతో ఏ అడ్రసుకొచ్చినా తీసేసుకోవడం మొదలుపెట్టారు. స్పామ్ వాళ్లకి కావాల్సిందీ అదే. పెద్ద నంబరు సర్వర్‌కి కాపలా తక్కువని వాళ్లు కావాలనే అటు వస్తారు. ఆ చెత్తంతా మా సర్వర్‌కి తోయడం, ఆ పేరుతో ఎవరూ లేరని మాది తిప్పికొట్టడం, బ్యాకప్ వాళ్ల సర్వర్ ఆ బౌన్స్‌ని (తిరుగు మెయిల్‌ని) స్పామ్ వాడు దొంగగా పెట్టిన అడ్రసుకి, అంటే ఏ పాపం ఎరుగని మూడోవాడికి పంపడం. పైగా అన్నీ వాళ్ల ఐపీ నుంచే వస్తాయి కాబట్టి మంచి మెయిల్స్ కూడా మా దగ్గర ఎస్‌పీఎఫ్ పరీక్షలో (పంపిన డొమైన్ ఒప్పుకున్న ఐపీ నుంచే మెయిల్ వచ్చిందా అని చూసేది) తప్పాయి. అడిగితే "అది మీ వైపు సెట్టింగ్ సార్" అన్నారు. ఆ మాట నిజమే, వాళ్ల ఐపీని నేను మినహాయించి ఉండాల్సింది. కానీ ఆ ముక్క డబ్బు తీసుకునేటప్పుడు చెప్పాలి కదా?

డబ్బు కట్టేముందు మీ డొమైన్‌ని చేర్పించి, బయటి మెషీన్ నుంచి వాళ్ల సర్వర్ 25 పోర్టుకి (మెయిల్ అందుకునే ద్వారం) టెల్‌నెట్ కమాండ్ కొట్టి చూడండి. మీ డొమైన్‌లో లేని పేరు ఇస్తే 550 (తీసుకోను) రావాలి, ఉన్న పేరుకి 250 (సరే) రావాలి. రెంటికీ 250 వస్తే వద్దనేయండి. ఆర్నెల్లకోసారి మళ్లీ చూడండి, నేను చూడకే మునిగాను.

ఆ 20 రికార్డు తీసేశాను. మిగిలిన నెలల డబ్బు అడిగితే, వాడుకున్న సర్వీసుకి రీఫండ్ ఉండదట. నేనేం వాడుకున్నానో మరి!